ఎదురుగాలిలో తిరిగొచ్చే డ్రోన్

సంతోష్‌నగర్‌లో ఉండే మాహిరా పెళ్లిళ్ల వీడియోలు తీస్తుంది. ఆడవాళ్ల మధ్య కెమెరా పట్టుకోవడానికి ఆడమనిషే కావాలని చాలా కుటుంబాలు ఆమెనే పిలుస్తాయి. డ్రోన్ పని మాత్రం ఎప్పుడూ మగవాళ్లకే వెళ్లేది. అదీ తానే చేయాలని లైసెన్సు సంపాదించి, వాడిన డ్రోన్ ఒకటి కొనుక్కుంది.

కిషన్‌బాగ్‌లో ఒక బరాత్, అంటే పెళ్లికొడుకు ఊరేగింపు, తీస్తుండగా ఆ డ్రోన్ తిరిగి రాలేదు. వెళ్లేటప్పుడు గాలి వెనకనుంచి తోసింది. వెనక్కి తిప్పాక అదే గాలి ఎదురైంది. అప్పటిదాకా సగం చూపించిన బ్యాటరీ చూస్తుండగానే అయిపోయి, డ్రోన్ ఒక రేకుల కప్పు మీద కూలింది. ఆ చప్పుడుకు పెళ్లికొడుకు ఎక్కిన గుర్రం బెదిరి ముందుకాళ్లు లేపింది. గుర్రం మనిషి కళ్లెం వదల్లేదు కాబట్టి సరిపోయింది.

ఇంటికొచ్చాక అన్న జుల్ఫికర్ కోప్పడ్డాడు.

"గా గుర్రం కింద ఎవరన్న పడితే ఏమైతుండె? ఇగ బంద్ చెయ్."

"ఎందుకు పడ్డదో తెల్వకుండ బంద్ చెయ్య, భాయ్. తెల్సినంక నాతోని కాదనిపిస్తే నేనే ఇడిచిపెడ్త."

మర్నాడే ఆమె డ్రోన్లు అద్దెకిచ్చే, అమ్మే సంకేత్ దుకాణానికి వెళ్లింది.

"డబ్బా మీద రాసింది నమ్మి కొంటే మళ్ల గదే లొల్లి, అన్నా. రెండు కిరాయికియ్యి. ఎగరేసి చూసి కొంట."

అతను రెండిచ్చాడు. ఒకటి దూరానికి పేరున్నది, రెండోది గాలిలో ఎక్కువసేపు నిలుస్తుందని చెప్పుకునేది. ఊరి బయట మైదానంలో మొదటిది చుక్కలా మారేదాకా వెళ్లింది. రెండోది అంత దూరం పోలేదు. మాహిరా మనసు మొదటిదాని మీదికే పోయింది. అయినా ఆగి, గాలి లేచేదాకా ఎండలో కూర్చుంది. గాలి లేచాక రెండింటినీ దానికి ఎదురుగా నడిపింది. మొదటిదాని బ్యాటరీ గబగబా తరిగిపోయింది. రెండోది నిదానంగా, మిగులుతోనే తిరిగొచ్చింది.

తర్వాత పాతబస్తీలో అనుమతి తీసుకుని, మనుషులు తిరగని పొద్దున వేళ ఎగరేసింది. ఇళ్లు అడ్డం రాగానే రెండింటినుంచీ తెర మీదికి వచ్చే బొమ్మ ఇంచుమించు ఒకేచోట తెగింది. గల్లీల్లో పనికిరాని దూరం తనకెందుకు? రెండోదే తీసుకుంది.

దానితో మొదటి పని ఇక్బాలున్నీసా అనే ఆవిడ కూతురి పెళ్లిలో దొరికింది. వాళ్లింటికి వస్తున్న బరాత్ మంచి ఊపులో ఉంది.

"ఇంకొంచెం ముందుకి పోనియ్, బేటీ! మెయిన్ రోడ్డు దాక!" అందావిడ.

"కాదు, ఖాలా. ఎదురుగాలికి చార్జింగ్ మిగలాలె. దించి, వేరే బ్యాటరీ ఏసి మళ్ల పంపిస్త."

"మధ్యల దించుతరా ఎవరన్న?"

చుట్టూ ఉన్నవాళ్లూ గొణిగారు. మాహిరా మాట మార్చలేదు. డ్రోన్‌ను వెనక్కి తిప్పింది. అది దిగాల్సిన చోట పిల్లలు గుంపుగా ఉంటే, ఆమె పిలవకుండానే వెంట వచ్చిన జుల్ఫికర్ "జరగండి, జరగండి" అంటూ వాళ్లను పక్కకు పంపాడు.

కొత్త బ్యాటరీతో అది మళ్లీ లేచింది. డాబా మీద నిలబడ్డ ఆడవాళ్లు తలెత్తి చేతులూపారు. ఇక్బాలున్నీసా మాహిరా భుజం మీదుగా తెరలోకి వంగి, "గా పచ్చ దుపట్టా మా అక్కది. ఇంకోసారి చూపియ్" అంది.