అంకెలు లేని శుభలేఖ

ఆ రోజుల్లో, అంటే డిగ్రీ పూర్తిచేసి చిక్కడపల్లిలో ఒక డీటీపీ షాపులో చేరిన కొత్తల్లో, తెలుగు మధ్య ఇంగ్లిషు మాట వచ్చినప్పుడల్లా చేత్తో ఫాంటు మార్చాల్సి వచ్చేది. నేనొక కొత్త సాఫ్ట్‌వేరు నేర్చుకుని, తెలుగు అక్షరానికి తెలుగు ఫాంటు, ఇంగ్లిషు అక్షరానికి ఇంగ్లిషు ఫాంటు దానంతటదే మారేట్టు చేశాను. (ఆ వారమంతా నేల మీద నడిచినట్టు గుర్తు లేదు.) సరిగ్గా అప్పుడే మా చిన్నమ్మ కూతురికి పెళ్లి కుదిరింది. శుభలేఖ నాదే పూచీ అన్నాను. "ప్రెస్సుల ప్రూఫ్ చూసినవా?" అని షాపు నడిపే అన్న అడిగితే, "కంప్యూటరే చూసుకుంటదన్నా" అన్నాను.

నారాయణగూడ ప్రెస్సులో అచ్చయిన కార్డులు సగం చిన్నమ్మ ఇంటికి, సగం నేరుగా బర్కత్‌పురలో పెళ్లికొడుకు ఇంటికి వెళ్లాయి. మర్నాడు పొద్దున్నే చిన్నమ్మ ఫోను. "ఏందిరా ఇది? తేదీ లేదు, టైం లేదు, అన్నీ ఖాళీ డబ్బలే! పిల్లకు ఇష్టం లేదా ఏందని పిలగానోళ్లు పరేషాన్ అయితున్నరు. నువ్వే పోయి చెప్పు!"

అంకెల సంగతి నేను కంప్యూటరుకు చెప్పనే లేదు. అవి ముందున్న తెలుగు మాట వెంటబడి తెలుగు ఫాంటులోకి వెళ్లాయి. ఆ ఫాంటులో అంకెలే లేవు. మా షాపు తెర మీద కంప్యూటరు వేరే ఫాంటు నుంచి అరువు తెచ్చి చూపించింది. ప్రెస్సులో ఆ మర్యాద జరగలేదు, అంకెల చోట ఖాళీ డబ్బాలే అచ్చయ్యాయి.

బర్కత్‌పురలో ఇంటినిండా చుట్టాలు. నిలబడి ఇదంతా వివరించాను. పెళ్లికొడుకు నానమ్మ శ్రద్ధగా విని, "అంటే అంకెలు తెలుగోళ్లు గాదు, ఇంగ్లిషోళ్లు గాదు. మరి ఎవలింటికి పోవాలె బిడ్డా అవి?" అంది. అందరూ గొల్లుమన్నారు. నా చెవులు కాలిపోయాయి.

"గదంత సరే గని, పిల్లకు ఇష్టమేనా?"

"ఇష్టమే నానమ్మా. నాకే తెలివి లేదు."

ఆమె నవ్వి, నా చేతికి పెన్ను ఇచ్చింది. చుట్టాలందరి మధ్యా చాప మీద కూర్చుని కార్డు కార్డుకూ డబ్బాల్లో అంకెలు నింపాను. (ఎవరో వెనకనుంచి "జర గుండ్రంగ రాయి" అంటూనే ఉన్నారు.)

పెళ్లి భోజనాల్లో చివరి వరసలో దాక్కున్నాను. కొత్త దంపతులు అటే వచ్చారు. "అన్నా, తేదీ యాదుంచుకొనే వచ్చినవా?" అంది చెల్లెలు. తల ఎత్తలేక, అప్పుడే లడ్డూ వెయ్యబోతున్న ఆయనకు వద్దని చెయ్యి అడ్డం పెట్టాను. ఇప్పుడు తలచుకుంటే అప్పటి నా మీద, ఆ కుర్రాడి మీద జాలేస్తుంది. సిగ్గు ఎలాగూ పడ్డాడు. లడ్డూ అయినా తినవలసింది.