డాక్టరుకు కబురు చెప్పడం

మా బొగ్గుబావుల ఊళ్లలో ఏ కబురైనా "ఏం గాలే" అనే మాటతోనే మొదలవుతుంది. బాయిలో ఎవరికైనా దెబ్బ తగిలితే, ఇంటికి వచ్చిన మనిషి ముందు అదే అంటాడు: "ఏం గాలే అక్కా, నిమ్మలంగ దవాఖానకు రా." ఇంట్లో ఎవరికైనా బాగాలేకపోతే బాయి మీదికి ఫోన్ చేసి మేమూ అదే చెప్తాం. కింద పనిలో ఉన్నవాళ్ల దగ్గర ఫోన్లు ఉండవు. పైన ఆఫీసులో ఎవరో ఎత్తి, ఇంకెవరికో చెప్పి, ఆ మాట మనిషి నుంచి మనిషికి మారుతూ కిందికి దిగాలి. దిగేకొద్దీ భయం పెరుగుతుంది కాబట్టి, బయల్దేరేటప్పుడే మాటను చిన్నది చేసి పంపుతాం. నేను గోదావరిఖనిలోనే పుట్టాను, ఇక్కడే పెళ్లయింది. ఈ అలవాటు నాకు ఎవరూ నేర్పలేదు.

మా పాపకు ఏడాది దాటింది. ఈ చలికాలం దానికి దగ్గు పట్టుకుంది. దగ్గు మా దగ్గర కొత్త సంగతేమీ కాదు, ఇక్కడి పిల్లలు దగ్గుతూనే పెరుగుతారు. కానీ ఈసారి అది పాలు తాగుతూ మధ్యలో వదిలేసి ఊపిరి తీసుకునేది. నాకు నిద్ర లేకుండా పోయింది. దాన్ని భుజం మీద వేసుకుని, ఇంకో చేత్తో ఫోన్‌లో దగ్గు గురించి చదివేదాన్ని. చదివినకొద్దీ భయం ఎక్కువయ్యేది. ఆ భయం నుంచి తప్పించుకోవడానికి వేరేవి చదివేదాన్ని. డిగ్రీలో నాది చరిత్ర. అలా వెతుకుతుంటే ఒకసారి పాతకాలపు వైద్యుల గురించి కనిపించింది.

రోగిని చూడకుండానే వైద్యం చెప్పిన వాళ్లు ఎంతమందో. కొన్ని దేశాల్లో జబ్బుపడినవాళ్లు తమ బాధంతా ఉత్తరంలో రాసి పంపేవారట. ఎక్కడ నొప్పి, ఏం తిన్నారు, ఎలా నిద్రపోయారు, అన్నీ. వైద్యుడు చదివి, ఆలోచించి, మందు రాసి పంపేవాడు. జవాబు చేరేసరికి రోగి లేచి తిరుగుతుండొచ్చు, లేదా ఆ జవాబుతో ఇక పని లేకపోవచ్చు. మన దగ్గరేమో వైద్యుడి కోసం వచ్చిన దూతను బట్టే రోగి సంగతి అంచనా వేయాలని పాత వైద్యగ్రంథాలు చెప్పాయట. దూత ఎలా నిలబడ్డాడు, ఏం కట్టుకున్నాడు, మొదట ఏ మాట అన్నాడు. అందులో సగం శకునాలే అనిపించింది. కబురుకూ జవాబుకూ మధ్య దినాల్లో జబ్బుపడిన పిల్ల తల్లి ఏం చేసిందో మాత్రం ఎక్కడా లేదు. ఉత్తరం పంపాక ఎదురుచూస్తూ అన్నం వండుకుందా, పిల్లను ఎత్తుకుని తిరిగిందా. అది రాయాల్సిన సంగతి అని ఎవరికీ అనిపించి ఉండదు.

నాకు ఉత్తరం రాయాల్సిన పని లేదు. కరీంనగర్‌లో పిల్లల డాక్టరమ్మ ఉన్నారు, వీడియోలో చూస్తారు. ఆ రోజు మా ఆయన బాయిలో ఫస్టు షిఫ్టుకు వెళ్లారు. పొద్దునే పాపను శాలువలో చుట్టి ఒళ్లో పెట్టుకుని ఫోన్ చేశాను. తెర మీద డాక్టరమ్మ ముఖం ఆగుతూ కదులుతూ ఉంది.

"చెప్పమ్మా, ఎలా ఉంది?"

"ఏం లేదు మేడం, కొంచెం దగ్గు."

"ఊపిరి వేగంగా తీసుకుంటోందా?"

"ఏం లేదు మేడం, ముక్కు దిబ్బడ ఉంది కదా, కొంచెం."

ఆమె పాప ముఖం చూశారు. ముక్కులో వేసే చుక్కలు, జ్వరానికి మందు చెప్పారు. రేపటిదాకా చూసి, పాలు తాగకపోతే మళ్లీ ఫోన్ చేయమన్నారు. నాకు భుజాల మీది బరువు దిగినట్టయింది. గోడకు ఆనుకుని అలాగే కళ్లు మూసుకున్నాను.

అత్తమ్మ పక్కనే చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"ఏం జెప్పినవ్ ఆమెకు?" అంది.

"దగ్గుందని చెప్పిన గద."

"ఏం లేదు మేడం, ఏం లేదు మేడం అన్నవ్. నా చెవులు మంచిగనే ఉన్నయి. ఏం లేకుంటె ఆమె మాత్రం ఏమిస్తది? ఏం లేనిదానికి ఏం లేని మందిస్తది."

"ఆమె చూసింది గద అత్తమ్మా."

"ఏం జూసింది? శాలువను జూసింది."

నాకు కోపం వచ్చింది. నిద్ర లేని కోపం, ఎవరి మీదో తెలియనిది. "మీ బెల్లంపల్లి హకీం ఏమన్న జూసిండా? మనిషి లేకుండనే మందులిచ్చెటోడని మీరే చెప్తరు" అన్నాను.

అత్తమ్మ ఏమీ అనుకోలేదు. ఆమెకు ఆ హకీం సంగతి చెప్పడమంటే ఇష్టం. ఆమె కొత్త కోడలిగా మందమర్రి క్వార్టర్లకు వచ్చినప్పుడు ఆమె అత్త జ్వరంతో మంచం పట్టిందట. కంపెనీ దవాఖానకు రానని ఆ ముసలామె మొండికేస్తే, హకీం దగ్గర మందు తెమ్మని కోడలిని రైలెక్కించారు.

"పోంగనే నా మొఖం జూసిండు. ఏమైంది బేటీ అన్నడు. ఏం గాలే సాబ్, జర జ్వరం అన్న. ఏం గాకుంటె రైలెక్కి నా దాక ఎందుకొచ్చినవ్ అన్నడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. నువ్వు ఇంట్లకెల్లి ఎల్లేటప్పుడు మీ అత్త ఏమన్నది అని అడిగిండు. ఏమన్లే సాబ్ అన్న. రోజు ఏమంటది అన్నడు. రోజు తిడ్తది సాబ్ అన్న. ఇయ్యాల తిట్టలేదా? తిట్టలే. అంతే, డబ్బా మూత పెట్టిండు. ఇది నా పొడితోని అయ్యేది గాదు, జల్ది పెద్ద దవాఖానకు ఎత్తుకపోండ్రి అన్నడు."

"బతికిందా?"

"బతకక? ఇంక శానేండ్లు తిట్టింది నన్ను."

తన మాటకు తనే నవ్వింది. నేను నవ్వలేదు. మా పాపకు ముక్కు తుడవడం అంటే యుద్ధం. తల అటూ ఇటూ తిప్పి, నా చేతిని కొట్టి, వరస క్వార్టర్లన్నిటికీ వినపడేలా అరుస్తుంది. మెత్తటి గుడ్డ తెచ్చి ముక్కు తుడిచాను. తుడవనిచ్చింది. నన్నే చూస్తూ ఊరుకుంది.

శాలువ తీసి, గౌను పైకెత్తాను. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంట పడుతోంది. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి.

"డొక్కలెగరేస్తుంది" అంది అత్తమ్మ. చిక్కుడుకాయల గిన్నె పక్కకు నెట్టేసి లేచింది.

డాక్టరమ్మకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఎత్తినా నేనేం చెప్పేదాన్నో తెలియదు. పాప పొట్టా ఛాతీ మాత్రమే కనిపించేలా వీడియో తీసి పంపాను. ఒక్క మాట కూడా రాయలేదు. వెంటనే ఆమే ఫోన్ చేశారు.

"ఇది ఇప్పటిదేనా?"

"ఇప్పటిదే మేడం."

"ఇందాక ఇలా చెప్పలేదేమమ్మా?" అని, నా జవాబు కోసం ఆగలేదు. "కరీంనగర్ దాకా రావద్దు. మీకు దగ్గర్లో ఆక్సిజన్ ఉన్న దవాఖానకు ఇప్పుడే వెళ్లిపో. దారిలో ఫోన్ చూడకు, పాపను చూడు."

బాయి మీదికి అత్తమ్మ ఫోన్ చేసింది. నేను ఆటో కోసం పరుగెత్తుతుంటే వెనక నుంచి ఆమె గొంతు వినిపిస్తూనే ఉంది. "పొల్లకు శ్వాస ఆడ్తలేదు. దవాఖానకు ఎత్తుకపోతున్నం. మా కొడుకును జల్ది పైకి పంపుండ్రి." కబురు అలా చెప్పగా నేను ఎప్పుడూ వినలేదు.

దవాఖానలో పాపకు ముఖమంత మాస్క్ పెట్టారు. చేతికి సూది గుచ్చి, కదలకుండా చిన్న అట్టముక్కకు కట్టారు. ఆయన స్నానం కూడా చేయకుండా వచ్చారు, కనురెప్పల అంచున బొగ్గు అలాగే ఉంది. పాపను చూసి, గోడ పక్కన చతికిలబడి, వాళ్లమ్మ వైపు తిరిగారు.

"గట్లనా అమ్మా చెప్పేది? పైకొస్తుంటె నా కాళ్లు వణికినయి."

"వణికితె వణికినయి. వచ్చినవ్ గద" అంది అత్తమ్మ.

నెమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందని అక్కడి డాక్టరు చెప్పాడు. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదని కూడా అన్నాడు. కొన్నాళ్లు ఆ మంచం మీదే ఉన్నాం. నేను పడుకున్నది తక్కువ, కూర్చుని తూలిపడింది ఎక్కువ. దాని ఛాతీ లేచి దిగడం చూస్తూ ఉంటే, చూడడమే పని అయిపోతే మనిషి ఎంత అలసిపోతుందో అర్థమైంది. మాస్క్ తీసేసిన పొద్దున అది ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. ఆయన నేల తుడిచారు. నేను బయటి వరండాలోకి వెళ్లి కాసేపు నిలబడ్డాను.

ఇప్పుడు ఇంట్లో ఉన్నాం. కరీంనగర్ డాక్టరమ్మ ఫోన్‌లోనే చూస్తున్నారు. ఫోన్‌లో వద్దు, పాపను తీసుకుని మేమే వస్తామని మొదట అన్నాను. బస్సులో చలిగాలికి పాపను తిప్పడం కంటే ఇదే నయమన్నారు. సరేనన్నాను. ఈసారి అన్నీ చెప్తున్నాను. గౌను ఎత్తి చూపిస్తున్నాను, వెలుతురుకు తిప్పుతున్నాను. పొద్దున తుమ్మింది, మధ్యాహ్నం రెండు ముద్దలు తిని మూడోది వద్దంది, నిద్రలో ఒకసారి మూలిగింది, అరికాళ్లు చల్లగా ఉన్నాయి. ఆ ఉత్తరాల మనుషులు కూడా ఇంత రాసి ఉండరు. ఈ సాయంత్రం కూడా చెప్తూనే ఉన్నాను, ఆమె మధ్యలో ఆపారు.

"పాలు తాగుతోందా?"

"తాగుతోంది మేడం."

"ఆడుతోందా?"

"నా ఫోన్ లాక్కుంటోంది, కనిపిస్తోంది కదా మేడం."

"కనిపిస్తోంది. ఊపిరి కూడా బాగుంది. నీ ముఖం కూడా కనిపిస్తోందమ్మా. ఇవాళ పాపకు మందేమీ లేదు. మందు నీకే, పడుకో."

పడుకున్నాను. పాప కాలు నా పొట్ట మీద వేసి నిద్రపోయింది. దాని ఊపిరి మెల్లగా, సమంగా వస్తోంది. నాకు మాత్రం నిద్ర రాక లేచి ఇది రాస్తున్నాను. మందు చెప్పారు కానీ వేసుకోవడం నాకింకా చేతకావడం లేదు.