రేకుల బడికి సున్నం

తెలంగాణ రాకముందు ముచ్చట. నాచారం బస్తీల నేను పాఠాలు చెప్పే బడి పాత పెంకుటింట్ల నడిచేది. వాన పడ్డదంటే క్లాసుల నీళ్లే, పిల్లలను ఇంటికి తోలేటోళ్లం. ఆఖరికి బడి కమిటీవోళ్లు చందాలు పోగుజేసి ఎండకాలం సెలవులల్లనే కొత్త బడి లేపిన్రు. ఇనుప ఫ్రేములు, గోడలకు తళతళ మెరిసే జీఐ ఇనుప రేకులు, పైన గూడ అవే. ఎండ తగిలితే కండ్లు మూసుకోవాల్సిందే. పెద్ద పెద్ద కిటికీలు పెట్టిన్రు. నాకైతే మస్తు నచ్చింది.

తల్లులకు నచ్చలే. బస్తీల సగంమంది ఆడోళ్లు ఫ్యాక్టరీ షెడ్లకు పనికి పోయేటోళ్లే. "పొద్దంత మేం రేకుల కింద ఉడుకుతున్నం, మా పిల్లలను గూడ గోదాంల ఏస్తరా?" అని ఒకామె గేటుకాడ లొల్లి జేసింది. ఆమె బిడ్డ నా మూడో తరగతిల ఉండె. ఇంకో బడిల జేర్పిస్తనన్నది. ఆమె యెంట ఇంకొందరు తయారైన్రు. పిల్లలు తగ్గితే బడి మూసుడేనని కమిటీ ఖరాఖండిగ చెప్పింది.

పెద్దసారు ఉపాయం దీసిండు. ఏటా బడి తెరిచేముందు గోడలకు సున్నం ఏసుడు మా అలవాటు. రేకులకు గూడ ఏస్తే గోడ లెక్కనే కనబడ్తదన్నడు. "సారూ, నున్నటి రేకుకు సున్నం ఆగుతదా?" అని మొత్తుకున్న. నా మాట ఎవరిన్నరు! ఏసిన్రు. నిజం జెప్పాలంటే ముద్దుగనే ఉండె. "సరే, జర సూస్తం" అని ఆ తల్లి బిడ్డను తోలింది.

మొదటి పెద్దవానకే సున్నమంత కారి వాకిట్ల తెల్లటి మడుగైంది. రేకుల సప్పుడుకు నా గొంతు నాకే ఇనబడలే. పాఠం బందుజేసి పిల్లలతోని బొమ్మలు గీయించిన. అయిపాయె, ఇజ్జత్ పోయింది, ఇగ బడి గూడ పోతది అనుకున్న.

గప్పుడే గేటుకాడ లొల్లి జేసిన ఆ తల్లి ఫ్యాక్టరీ నుంచి తడుసుకుంట ఉరికొచ్చింది. ఎప్పటిలెక్క పిల్లలను ఇంటికి తోలినమనుకున్నదట. నాకు ఒళ్లు మండింది. "రేకులే అమ్మా, మంచిగ సూస్కో, తీస్కపో నీ బిడ్డను!" అని అరిసిన.

ఆమె లోపలికొచ్చింది. పొడి బండల మీద కూసోని బొమ్మ గీస్తున్న బిడ్డను సూసింది. కిటికీ కాడికి పోయి చెయ్యి బయటికి పెట్టింది.

సప్పుడు జర తగ్గినంక అన్నది, "మా షెడ్డుల వాన ఇనబడ్తది టీచరమ్మా. కనబడదు."

కొంగు పిండుకొని బిడ్డ పక్కన కూసున్నది. వాన ఎలిసేదాక కిటికీలకెల్లి సూస్కుంటనే ఉన్నది. మళ్ల పనికి పోతుంటె బిడ్డను తీస్కపోలే.