ఒడ్డున ఉన్నవి ఇళ్ళు కావు

ఎక్కడో ఒక చిన్న దీవుల దేశం. అక్కడ వరద ముప్పును కంప్యూటరు ముందే పసిగట్టేలా, ఉపగ్రహ ఫోటోల్లో ఇళ్ళ చుట్టూ గీతలు గీసి దానికి నేర్పడం బర్మాలోని పజుండౌంగ్ పేటలో ఉండే అరుణశ్రీ ఉద్యోగం. ఆ దేశం కొత్తగా పెట్టిన ఏఐ నియమాల ప్రకారం, ఆ గీతలను దీవివాళ్ళే సరిచూడాలి. ఆ మధ్యాహ్నం వాళ్ళ దగ్గర్నుంచి జవాబు వచ్చింది: "ఒడ్డున మీరు గీసినవి ఇళ్ళు కావు, మా పెద్దల సమాధులు."

అరుణశ్రీ కళ్ళు నులుముకుని, ఒక్కొక్క గీతే చెరపసాగింది.

"ఇంకా అవనేదేటే?" అంది తల్లి.

"నేదమ్మా. మనుషులున్నారనుకున్నాను."

అన్నీ చెరిపాక, తప్పు తనదేనని రాసి పంపింది. తరవాతి ఫోటో తెరిచింది. అందులో ఏది ఇల్లో చాలాసేపు తేల్చుకోలేకపోయింది. చివరికి గీత గీయకుండా, దీవివాళ్ళనే అడిగింది.