పదిహేడు గుండీల వాన

మా ఊళ్ళో వాన ఎంత పడిందో చెప్పే అధికారం ఒకే ఒక్క మనిషికి ఉండేది. ఆయన మా బాబాయి, నాన్నకు తమ్ముడు. అధికారం అన్నానని పెద్దగా ఊహించుకోకండి. రోడ్ల ఆఫీసులో అటెండరు. ఫైళ్ళు మొయ్యడం, టీలు తేవడం, గంట కొడితే పరిగెత్తడం ఆయన పని. ఆఫీసు వెనక కంచె మధ్య ఒక వానకొలత డబ్బా ఉండేది. దాన్ని కూడా ఆయన నెత్తినే పెట్టారు. పొద్దున్న ఎనిమిదిన్నరకు ఆఫీసుకు వచ్చే అలవాటు ఇంకెవరికీ లేదు మరి.

రోజూ ఆ వేళకు డబ్బా మూత తీసి, లోపలి సీసాలో చేరిన నీళ్ళను గీతలున్న గాజు గ్లాసులోకి వంచి, ఎన్ని మిల్లీమీటర్లో రిజిస్టరులో రాయాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళు రాశాడు. పిన్ని పోయిన రోజు కూడా ఎనిమిదిన్నరకు వెళ్ళి "నిల్" అని రాసి, ఇంటికొచ్చి అప్పుడు ఏడ్చాడు. ఊరు ఆయనకు మిల్లీమీటర్ అని పేరు పెట్టింది. వెనకాల నేనూ అలాగే అనేదాన్ని.

నాది పల్లపు వీధిలో కుట్టు షాపు. ముందు గది షాపు, వెనక గది ఇల్లు. అమ్మా నేనూ ఉంటాం. అమ్మకు మోకాళ్ళు పనిచెయ్యవు, నోరు మాత్రం ఇద్దరి పని చేస్తుంది. బాబాయి పెద్ద వాన పడ్డప్పుడల్లా మా షాపుకొచ్చి చొక్కా గుండీలు అడిగేవాడు. కొలత గ్లాసు ఇరవై మిల్లీమీటర్లకు నిండిపోతుంది. వాన ఎక్కువైతే నింపడం, పారబోయడం, మళ్ళీ నింపడం. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పుతుంది. అందుకని గ్లాసు పారబోసినప్పుడల్లా ఎడమ జేబులోంచి ఒక గుండీ తీసి కుడి జేబులో వేసుకునేవాడు. చివరికి కుడి జేబు లెక్కపెట్టుకుంటే సరిపోయేది.

మొదటి ఇరవై ఏళ్ళలో ఆయనకు నాలుగు గుండీలు మించి అవసరం పడలేదు. వానాకాలమంటే రెండు నెలలపాటు రోజూ ఎంతో కొంత పడేది. బట్టలు ఆరక జనం విసుక్కునేవాళ్ళు, అంతే. ఆ తర్వాత కాలానికి మతి తప్పింది. వానాకాలంలో ఎండ మాడ్చేసేది. ఎండాకాలం మధ్యలో వడగళ్ళు పడి ఆఫీసు జీపు అద్దం పగిలింది. చలికాలానికి కోట్లు కుట్టించుకుంటారని అస్తరు గుడ్డ తానుకు తాను తెచ్చుకుంటే మూడేళ్ళు మూలన పడి ఉంది, చివరికి దాన్ని దిండు గలీబులు చేసి అమ్మాను. బాబాయి రిజిస్టరులో నెలల తరబడి నిల్, నిల్, నిల్. ఆ తర్వాత ఒక్క రోజు వచ్చి, రావలసిందంతా ఒక్కసారే కుమ్మరించి పోయేది.

బాబాయి అది గమనించాడు. వెళ్ళి హెడ్ క్లర్కుతో చెప్పాడు. ఆ హెడ్ క్లర్కు గురించి రెండు మాటలు చెప్పాలి. ఆయన గది కిటికీకి ఎప్పుడూ తెర వేసి ఉంటుంది, బయట వాన పడుతోందో ఎండ కాస్తోందో అటెండర్ని అడిగి తెలుసుకునే మనిషి. ఆయన ఏడాది మొత్తం కూడి చూసి, "ఎప్పటంతే పడిందిగా, తేడా ఏముంది?" అన్నాడట. పదకొండు నెలలు పస్తులు పెట్టి పన్నెండో నెలలో ఏడాది తిండీ ఒక్క పూట నోట్లో కుక్కితే, ఈయన లెక్కలో మనిషి కడుపు నిండా తిన్నట్టే.

సరే, పదకొండేళ్ళ కింద నడి ఎండాకాలంలో ఒక వాన పడింది. బాబాయి పది గుండీలు లెక్కపెట్టి, పైన పన్నెండు గీతలు చూసి, రెండువందల పన్నెండు అని రాశాడు. హెడ్ క్లర్కు పిలిచాడు. ఆ ముచ్చట ఊరంతా ఆరునెలలు చెప్పుకుంది కాబట్టి నాకు మాట మాటా తెలుసు.

"ఏమిటయ్యా ఇది? నిద్రమత్తులో రాశావా?"

"లేదు సార్. పది గ్లాసులు, ఆపైన పన్నెండు. గుండీలు కూడా ఉన్నాయి, చూపించమంటారా?"

"గుండీలా! ఈ ఊళ్ళో నూట ఇరవై దాటి వాన పడ్డ చరిత్ర లేదు. ఎవడో తాగుబోతు డబ్బాలో ఉచ్చ పోసి ఉంటాడు."

"రెండువందల మిల్లీమీటర్ల ఉచ్చా సార్?" అని బాబాయి నిజంగానే అడిగాడు. ఆయనకు వెటకారం రాదు.

ఆఫీసంతా ఘొల్లుమంది. హెడ్ క్లర్కు మొహం ఎర్రబడింది. కలం తీసి ఆ అంకె మధ్యలో ఒక చుక్క పెట్టాడు. రెండువందల పన్నెండు కాస్తా ఇరవై ఒకటి పాయింటు రెండు అయి కూచుంది. "చుక్క మర్చిపోయావు, ఇకనుంచి జాగ్రత్త" అన్నాడు. అసంభవమైన అంకె రాసినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని మెమో కూడా చేతిలో పెట్టాడు. ఊళ్ళో జనానికి పండగే పండగ. ఆయన వీధిలో వెళుతుంటే "ఏం మిల్లీమీటర్, ఇవాళ తాగుబోతులు ఎంతమంది?" అని అడిగేవాళ్ళు. నేను కత్తెర పక్కన పెట్టి మరీ నవ్వాను. ఇప్పుడు తల్చుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ తర్వాత బాబాయి ఆ సంగతి ఎత్తలేదు. గుండీల కోసం మాత్రం వస్తూనే ఉన్నాడు. ఒకసారి ఏడు, ఒకసారి తొమ్మిది, ఒకసారి పన్నెండు. తీసుకున్నవి తిరిగి ఇచ్చేవాడు కాదు. ముసలాయన చాదస్తం, పోతే పోనీ అనుకున్నాను.

పోయినేడు వానాకాలం అయిపోయి, ఇక కొత్త గుడ్డలకు ఆర్డర్లు వస్తాయని నేను చేతులు రుద్దుకుంటున్న రోజుల్లో వాన పట్టుకుంది. సాయంత్రం మొదలై తెల్లారినా ఆగలేదు. ఎనిమిదింటికి షాపులో నీళ్ళు మడమలు దాటాయి. నేను గుడ్డల మూటలు అటకెక్కిస్తుంటే బాబాయి ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మాయ్, ఓ ఇరవై గుండీలు ఇవ్వు. ఇవాళ పది చాలవు."

"ఇల్లు మునిగిపోతుంటే నీకు గుండీలు కావాలా? సిగ్గు లేదూ?"

మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్న అమ్మ, "ఇచ్చెయ్యవే. ఆయన కొలిచేదాకా ఆ వాన ఆగి చావదు" అంది.

గుండీల డబ్బాను ఆయన మీదికి విసిరాను. పట్టుకుని వెళ్ళిపోయాడు.

మా వీధి వాలుకు అడుగున ఉంటుంది. ఎగువ వీధుల నీళ్ళన్నీ మా మీదుగా వచ్చి, పెద్ద రోడ్డు కింద ఉన్న తూములోంచి బయటికి పోవాలి. రెండడుగుల తూము. అందులో ఎంత పడుతుంది? మధ్యాహ్నానికి నీళ్ళు మంచం పట్టెలకు తగిలాయి. తిరిగొచ్చిన బాబాయి, ఎదురింటి మేస్త్రీ కలిసి అమ్మను ఎత్తి, నేను గుడ్డ కత్తిరించే బల్ల మీద కూర్చోబెట్టారు. నా మిషను మోటారు మునిగింది. నలభై మంది బట్టలు రంగులు దిగి ఒకదానికొకటి అంటుకున్నాయి. అటక మీదివి కూడా తడిశాయి, కప్పు కారింది. బాబాయి మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, "పదిహేడమ్మా, పదిహేడు" అని రెండుసార్లు అన్నాడు. ఆయన మొహంలో భయం చూశాను.

నీళ్ళు తీశాక వీధి జనమంతా ఆఫీసుకు వెళ్ళాం. తూము పెద్దది చెయ్యాలని గొడవ చేశాం. హెడ్ క్లర్కు ఎంతో దయగా, "కొత్త తూము మంజూరు చేయిద్దాం, పై నుంచి ఇంజనీరుగారు వచ్చి మన రిజిస్టరులో అన్నిటికంటే పెద్ద వాన చూసి, దాన్నిబట్టి సైజు ఖాయం చేస్తారు" అన్నాడు. బల్ల మీద రిజిస్టరు తెరిచే ఉంది. నేను మెడ చాచి చూశాను. మా ఇల్లు మునిగిన రోజుకు ఎదురుగా బాబాయి గుండ్రటి రాత: నూట పంతొమ్మిది.

నాకు చదువు పెద్దగా లేదు. పదిహేడు ఇరవైలు మూడువందల నలభై అని చెప్పడానికి టైలరుకు పెద్ద చదువు అక్కర్లేదు.

సాయంత్రం బాబాయి గదికి వెళ్ళాను. "హెడ్ క్లర్కు మళ్ళీ చుక్కలు పెట్టాడా?" అని అడిగాను.

"లేదమ్మా. నేనే రాశాను." నేల చూస్తూ చెప్పాడు. "మెమో వచ్చినప్పటినుంచీ నూట ఇరవై దాటి ఎప్పుడూ రాయలేదు. ఉన్నది రాస్తే మెమో ఇస్తారు. రాయకపోతే జీతం ఇస్తారు."

మంచం కిందనుంచి రేకు డబ్బా తీశాడు. అందులో చిన్న చిన్న కాగితం పొట్లాలు, ఒక్కోదాని మీద తేదీ. విప్పితే నా గుండీలు. పదకొండేళ్ళలో అలాంటివి తొమ్మిది పొట్లాలు.

"మరి ఇవెందుకు దాచావు?"

"పారెయ్యబుద్ధి కాలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎదురుగా ఉన్నది తండ్రిలాంటి మనిషని కూడా చూడలేదు. "పిరికిపందవు బాబాయ్. ఊరంతటి వానను నీ భయం కొలతకు కత్తిరించి కుట్టావు. రేపు ఆ ఇంజనీరు నీ నూట పంతొమ్మిది చూసి మళ్ళీ అదే రెండడుగుల తూము వేస్తాడు. వచ్చే వానకు అమ్మను ఏ బల్ల ఎక్కించను?"

ఆయన పొట్లాలు మళ్ళీ కట్టాడు. చివరి పొట్లానికి దారం ముడి నేనే వేశాను. రిటైరవడానికి ఇంక రెండు నెలలే ఉంది ఆయనకు. నోరు మూసుకుంటే దండ వేసి పంపిస్తారు.

ఇంజనీరు వచ్చిన రోజు వీధి తరఫున నేనూ వెళ్ళాను. ఆయన రిజిస్టరు తిరగేసి, "అత్యధికం నూట పంతొమ్మిది. రెండడుగులు సరిపోతుంది" అన్నాడు. టీ కప్పులు తేవలసిన బాబాయి రేకు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఆ అంకె తప్పు సార్. నేనే తప్పు రాశాను. అసలువి ఇందులో ఉన్నాయి."

మెమో దగ్గర్నుంచి పదిహేడో గుండీ దాకా చెప్పాడు. తొమ్మిది పొట్లాలూ వరసగా విప్పాడు. ఇంజనీరు ఒక గుండీ పట్టుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. దాని రంధ్రాల్లో వాన కనిపిస్తుందనుకున్నాడో ఏమో.

"గుండీలను బట్టి తూములు కట్టలేమయ్యా" అన్నాడు.

"చెప్పిందంతా కాగితం మీద రాసివ్వు, చూద్దాం" అన్నాడు హెడ్ క్లర్కు. ఆయన గొంతు తేనెలా ఉంది. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

బాబాయి రాసిచ్చాడు. నెల తిరక్కుండా ఆఫీసు నుంచి రెండు కాగితాలు ఒకే రోజు వచ్చాయి. ఒకటి బాబాయికి: రిజిస్టరులో అబద్ధపు అంకెలు రాసినట్టు స్వయంగా ఒప్పుకున్నందున పింఛనులో కోత, వీడ్కోలు సభ రద్దు. రెండోది మా వీధికి: రిజిస్టరులో నమోదైన అత్యధిక వర్షపాతం నూట పంతొమ్మిది ప్రకారం రెండడుగుల కొత్త తూము మంజూరు. రెండింటి కిందా సంతకం ఒక్కటే.

రెండూ తీసుకెళ్ళి హెడ్ క్లర్కు ముందు పరిచాను. "అయ్యా, ఈ కాగితం ఆ అంకె అబద్ధమంటోంది. ఈ కాగితం నిజమంటోంది. ఏది నమ్మమంటారు?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అది క్రమశిక్షణ ఫైలమ్మా, ఇది తూము ఫైలు. రెండింటికీ సంబంధం లేదు."

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. వచ్చిపోయిన వాన కూడా తెలియనివాళ్ళు మా ఆఫీసులో ఉన్నారు. వాళ్ళకు ఫ్యాను కింద కుర్చీ, తెర వేసిన కిటికీ. పాత రెండడుగుల తూము తీసేసి, కొత్త రెండడుగుల తూము వేశారు. ఫోటో కూడా తీసుకున్నారు.

బాబాయి దండ లేకుండా రిటైరై వచ్చాడు. ఇప్పుడు పొద్దున్న ఎనిమిదిన్నరకు మా షాపు మెట్టు మీద కూర్చుంటాడు. ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు కానీ ఆ వేళకు తయారైపోతాడు. నవ్విన జనం ఆయన పక్కన చేరి, "బాబాయిగారూ, సామాను ఎంత ఎత్తున పెట్టుకోమంటారు?" అని అడిగి వెళుతున్నారు. ఎవరూ మిల్లీమీటర్ అనడం లేదు.

మొన్న ఎండాకాలం ఇంకా సగం కూడా కాకముందే పడమట మబ్బు నల్లగా లేచింది. నేను అమ్మ మంచం కోళ్ళ కింద పెట్టడానికి ఇటుకలు తెచ్చాను. ఎదురింటి మేస్త్రీ మంచం ఎత్తి పట్టుకున్నాడు. పోయినసారి నీళ్ళు పట్టెలను తాకాయి కాబట్టి రెండు ఇటుకలు లెక్కవేసుకున్నాను.

"రెండు చాలు కదా బాబాయ్?"

ఆయన గోడ మీద పాత నీటి మరక చూశాడు, మబ్బు చూశాడు, మంచం మీదున్న అమ్మను చూశాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయన తన అంతట తాను ఒక అంకెను పెంచడం నేను వినలేదు.

"నాలుగు పెట్టమ్మా" అన్నాడు.