రెండో పొయ్యి

యాభైల్లో నేను కాపురానికి వచ్చేనాటికి జగ్గయ్యపేట దగ్గర మా పల్లె ముప్పై గడపలది. మావారికి నందిగామలో ఉద్యోగం. ఆదివారాలే ఇంట్లో ఉండేవారు. మిగిలిన రోజులు నేనూ, ఆయన నాయనమ్మా. ఆవిడకు చూపు ఆనదు, మాటా తక్కువే. దేవుడి గూటి ముందు దీపం పెట్టాక పలకరించేవాళ్లు లేక పని వెతుక్కునేదాన్ని.

ఒకనాడు పెరటి అవతల కంప కొట్టి చదును చేస్తుంటే మసిబారిన రాళ్లు మూడు కనిపించాయి. పెకలించి తెచ్చి అంట్లు తోముకునే చోట పరిచాను. మర్నాడు కాళ్లు కడుక్కుంటూ నాయనమ్మ అరికాలితో రాయి తడిమింది.

"ఇయ్యెక్కడివే?"

చెప్పాను. ఆ పూట ఆవిడ అన్నం ముట్టలేదు.

సాయంత్రానికి, అడగ్గా అడగ్గా చెప్పింది. కొత్తగా పెళ్లై మెట్ట సాగుకు వచ్చినప్పుడు ఇక్కడ వాళ్లిద్దరే. తాతగారు గొడ్డలి పట్టుకుని వెళితే పొద్దుగూకేదాకా మనిషి అలికిడి లేదు. దారిన పోయే బళ్లవాళ్లు ఒక్క పొగ చూసి, ఎవరో గొర్రెల కాపరి అనుకుని సాగిపోయేవారట. అందుకని ఈవిడ దూరంగా రెండో పొయ్యి పెట్టి, ఏమీ వండకుండానే రోజూ రాజేసేది. రెండు పొగలు లేస్తే ఊరనుకుంటారని.

"'రెండో సంసారం ఎవరితోనే' అని మీ తాత ఒకటే ఎగతాళి. వానలప్పుడు ఓ బండి ఆగింది. దిగినామె రెండో పొగ చూపించి 'ఆ ఇల్లెవరిదక్కా' అంది. 'నీదేనమ్మా' అన్నా."

మగవాళ్లు చెప్పే ఊరి కథలో బావి తవ్వినవాళ్లున్నారు, ఈ పొయ్యి లేదు. నాన్న ఇంట్లో నేర్పిన అక్షరాలు, దేవుడి దయవల్ల, ఇది రాసిపెట్టడానికైనా పనికొచ్చాయి.

"రాళ్లదేముంది, మళ్లీ పెడతావు. చోటు పోయిందిగా" అందావిడ.

నిజమే. అంతా చదునే, నాకు ఆనవాలు లేదు. తెల్లవారగానే గునపంతో అక్కడా ఇక్కడా తవ్వుతూ పోయాను. మధ్యాహ్నానికి నల్లరేగడిలో జానెడు మేర ఇటుకలా ఎర్రగా కాలిన మన్ను తగిలింది. ఆవిడ చెయ్యి పట్టి తీసుకొచ్చి దాని మీద పెట్టాను. చాలాసేపు తియ్యలేదు.

రాళ్లు పేర్చాక, రాజెయ్యమంది.

"ఏం వండమంటారండీ?"

"ఏమొద్దు."

పొగ లేచింది. పక్కింటావిడ కంచె మీంచి, చుట్టాలొచ్చారా అని అడిగింది. ఎవరూ రాలేదన్నాను. నాయనమ్మ నా ముంజేయి తడిమి పట్టుకుంది.

"వచ్చిందిలే" అంది.