విశాఖకు గంట దారి

మొన్న మా మనవరాలు ఫోన్లో వెతికి, గన్నవరంలో విమానం ఎక్కితే విశాఖపట్నంలో దిగడానికి గంటేనని, రైలు దారిలా వంకరలు తిరగకుండా సూటిగా పోతుంది కనుక దూరం కూడా తగ్గుతుందని చెప్పింది. సత్తెనపల్లి పక్కనున్న మా ఊరి నుంచి గన్నవరం చేరడానికే అంతకన్నా ఎక్కువ సేపు పడుతుంది కదే అన్నాను. అది నవ్వింది. నాకు నవ్వు రాలేదు. విశాఖలో మా చెల్లెలుంది.

చెల్లెలి భర్త అక్కడ పోర్టులో పనిచేసేవాడు. పెళ్లయిన కొత్తలోనే దానికి కడుపులో గడ్డ లేచింది, ఆపరేషన్ చెయ్యాలన్నారు. మా అమ్మ అప్పటికే లేదు. అక్క వచ్చి పక్కన నిలబడితేనే లోపలికి పోతానని అది మొండికేసిందట, వెంటనే రమ్మని టెలిగ్రాం వచ్చింది. అప్పుడు మా మిరపకాయలు కళ్లంలో ఎండుతున్నాయి. పంట చేతికొచ్చిన రోజుల్లో, ఆస్పత్రికైనా సరే, అయినవాళ్ల దగ్గరికి వట్టి చేతులతో పోవడం మావైపు లేదు. అత్తగారు గోతం నిండా కాయలు పోయించింది. కొత్త గోతాలు అమ్మకానికి మిర్చి యార్డుకు, పాతవి చుట్టాలకు. అది మా ఇంటి పద్ధతి, ఇప్పటికీ అదే.

గుంటూరు బస్సులో జనం తొక్కిడికి ఆ పాత గోతం పిగిలింది. కాళ్లకింద కాయలు నలిగి, ఘాటు లేచి, బస్సంతా ఒకటే దగ్గులు, తుమ్ములు, పసిపిల్లల ఏడుపులు.

“ఊరెళ్తున్నావా తల్లీ, మాకు పొగబెట్టడానికొచ్చావా?” అని వెనకనుంచి ఎవరో అరిచారు.

“దిగమ్మా, ముందా గోతం దించు!” అని కండక్టరు నన్నూ గోతాన్నీ నడిదారిలో దింపేశాడు.

చిరిగినచోట ముడివేసి, ఎండలో నిలబడి, ఇంకో బస్సు పట్టుకుని గుంటూరు చేరేసరికి రైలు వెళ్లిపోయింది. మర్నాటి బండిదాకా స్టేషన్లోనే గోతానికి చేరగిలబడి కూర్చున్నాను. దాన్ని పారేసి పోవాలని మాత్రం తోచలేదు, పండించిన చేతులకు అది తోచదు.

నేను ఆస్పత్రికి చేరేటప్పటికి చెల్లెల్ని లోపలికి తీసుకుపోయారు. డాక్టరు ఇక ఆగడానికి వీల్లేదన్నాడట. గుమ్మంవైపు చూసీ చూసీ, చివరికి ఏడుపు ఆపి, తనంతట తనే లేచి వెళ్లిందని మరిది చెప్పాడు. బతికి బయటపడింది. మెలకువ వచ్చాక నన్ను చూసి, “కాయలు బాగా ఎండాయా అక్కా?” అంది. ఇంకేమీ అడగలేదు.

ఆ తరవాత దాని కాన్పుల కబుర్లు కూడా పిల్లలు పుట్టాకనే మాకు తెలిసేవి. రోడ్లు బాగుపడ్డాయి, రైళ్లు పెరిగాయి. పోయిన నెలలో ఫోన్ చేసి, కంటికి ఆపరేషన్ చేయించుకున్నానని, కట్టు కూడా విప్పేశారని చెప్పింది. ముందే చెబితే వచ్చేదాన్నిగా అని కోప్పడ్డాను.

“ఇట్టాంటివాటికి నిన్ను పిలవాలని తట్టదే అక్కా, అలవాటు తప్పింది,” అంది, మామూలుగానే.

మనవరాలు టికెట్టు తీస్తానంటే తియ్యమన్నాను. ఇప్పుడు గంటలో చెల్లెలి ఊళ్లో దిగగలను. అయితే నేను వస్తేనే అని మొండికేసే చెల్లెలు ఆ ఊళ్లో లేదు. తన పనులు తానే చూసుకునే పెద్దావిడ ఒకతె ఉంది, నేను వెళ్తే మర్యాదగా కుర్చీ వేస్తుంది.